బొటనవేలికి మళ్ళీ ఓనమాలు

ఆదివారం రాత్రి తొమ్మిదైతే మా ఇంట్లో టీవీ సీరియళ్ళకు సెలవు. ఆ గంట నాదీ, మా అబ్బాయిదీ. నేను బెంగళూరులో, వాడు జర్మనీలో మ్యూనిక్‌లో. వాడికి అప్పుడు ఇంకా సాయంత్రమే. ఇద్దరం కలిసి కంప్యూటర్ ఆట ఆడుకుంటాం.

అరవై దాటినవాడికి ఇదేం సరదా అని నవ్వకండి. ఫోనులో అయితే "తిన్నావా, ఆఫీసు ఎలా ఉంది?" అన్న రెండు ప్రశ్నలతో మా మాటలు అయిపోతాయి. ఆటలో ఉంటే వాడు అడగకుండానే అన్నీ చెబుతాడు. పెరిగిన ఇంటి అద్దె, మాడిపోయిన పప్పు, ఆఫీసులో పొసగని మనిషి, అన్నీ ఆ గంటలోనే తెలుస్తాయి.

మేమాడేది 2011లో వచ్చిన 'పోర్టల్ 2'. చిక్కుముడులు విప్పే ఆట. ఇద్దరు ఆడేటప్పుడు రెండు మరమనుషులుంటాయి. పొట్టిగా గుండ్రంగా ఉండేది నేను, పొడుగ్గా సన్నగా ఉండేది వాడు. గోడమీద ఒకచోట ఒక ద్వారం, వేరొకచోట మరో ద్వారం తెరిస్తే ఇందులో దూరి అందులో తేలవచ్చు. ఇద్దరూ కలిసి బుర్ర పెడితేగాని ముందుకు దారి దొరకదు.

రెండేళ్ళ క్రితం ఆ గంటకే గండం వచ్చింది. నా కుడి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. డాక్టరు చూసి కీలు అరిగిందన్నారు. వేలితో నొక్కి నెట్టే పనులు తగ్గించమన్నారు. ఆట కంట్రోలరు మీద రెండు చిన్న పుల్లల్లాంటివి ఉంటాయి, అనలాగ్ స్టిక్కులంటారు. 1996లో నింటెండో 64తో ఒకటి, మరుసటి ఏడు ప్లేస్టేషన్‌తో జంటగా వచ్చి వాడుకలో స్థిరపడ్డాయి. ఎడమది నడవడానికి, కుడిది చుట్టూ చూడడానికి. కుడిదాన్ని కాసేపు ఒక పక్కకు నెట్టి పట్టుకుంటే నాకు మణికట్టు దాకా సూదులు గుచ్చినట్టుండేది. రెండు ఆదివారాలు ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. మూడోసారి వాడు కనిపెట్టేశాడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తన పాత స్టీమ్ కంట్రోలరు తెచ్చిచ్చాడు. వాల్వ్ కంపెనీ 2015 నవంబరులో దీన్ని 50 డాలర్లకు విడుదల చేసింది. 2019లో ఆపేస్తూ మిగిలిన సరుకును 5 డాలర్లకే అమ్మేసింది. మావాడు అమెరికాలో చదువుకునే రోజుల్లో అప్పుడే కొన్నాడు. ఇందులో ఎడమ చేతికి ఒక స్టిక్కు ఉంది గాని కుడి చేతికి లేదు. దాని బదులు గుండ్రటి నున్నటి పలక. ల్యాప్‌టాప్ మీద వేలు రాసే పలక వంటిదే. నెట్టనక్కరలేదు, తాకితే చాలు.

తాకితే చాలన్న మాట నిజమే. ఎలా తాకాలో తెలియాలిగా! మొదటి ఆదివారం అలవాటు కొద్దీ వేలిని పలక అంచుకు జరిపి అక్కడే నొక్కిపెట్టి కూర్చున్నాను. చూపు కాస్త తిరిగి ఆగిపోయింది. ఇంకాస్త నొక్కాను. ఏమీ లేదు. విసుగొచ్చి గట్టిగా రాశాను.

"నాన్నా, పైకప్పులో ఏముంది?" అని వాడు పకపకా నవ్వాడు.

పోనీ ఈ పలకే స్టిక్కులా పనిచేసేలా మార్చి చూడమన్నాను. మార్చాడు. అది ఇంకా అధ్వాన్నం. స్టిక్కుకు స్ప్రింగు ఉంటుంది, వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. పలకకు అది లేదు, మధ్య ఎక్కడుందో వేలికి తెలియదు. ఆ రాత్రి దాన్ని పెట్టెలో పడేసి పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. అప్పుడు పీణ్యలో నేను పనిచేసిన సి.ఎన్.సి. మెషీను గుర్తొచ్చింది. అందులో టూలును జరపడానికి రెండు దారులు. జాగ్ బటన్ నొక్కి పట్టుకుంటే వదిలేదాకా పోతూనే ఉంటుంది. హ్యాండ్‌వీల్ అయితే తిప్పినంత మేరే జరుగుతుంది, చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. చుట్టుకు వంద గళ్ళు, గడి గడికీ టిక్కుమంటుంది. ఒకటి దగ్గర పెడితే గడికి మిల్లీమీటరులో వెయ్యో వంతు, వంద దగ్గర పెడితే పదో వంతు. స్టిక్కు ఆ జాగ్ బటన్ లాంటిది. ఈ పలక హ్యాండ్‌వీల్. నేను హ్యాండ్‌వీల్‌ను పట్టుకుని జాగ్ బటన్‌లా నొక్కుతున్నానన్నమాట!

తెల్లారి వాడికి ఫోను చేసి, "ఒకటి, పది, వంద లాంటి ఏర్పాటు ఇందులో ఉందా రా?" అని అడిగాను. ఉంది. వేలు కదిలినదానికి చూపు ఎంత తిరగాలో మనమే పెట్టుకోవచ్చు. వేలితో విసిరి వదిలితే బంతిలా కాసేపు దొర్లి ఆగే పద్ధతి కూడా ఉంది. వెనక్కి తిరగాలంటే ఒక్క విసురు చాలు. లోపలి చిన్న మోటార్లు వేలి కింద టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడుతో నాకు పాత నేస్తం దొరికినట్టయింది. గురి దగ్గరికొచ్చాక కంట్రోలరునే రవ్వంత వంచితే చివరి సవరణ అయిపోతుంది.

అయినా తెలియడం వేరు, వేలికి రావడం వేరు. రోజూ పావుగంట ఆటలోని ఖాళీ గదిలో నిలబడి నాలుగు మూలలూ వరసగా చూడడం సాధన చేశాను. "సుమ్మనే ఆ గోడలు చూస్తూ కూర్చుంటారేమండీ?" అని మా ఆవిడ విసుక్కునేది. కష్టం కొత్తది నేర్వడంలో లేదు, పాతదాన్ని వేలు మరవకపోవడంలో ఉంది. కంగారు పుడితే చాలు, వేలు మళ్ళీ అంచుకు పోయేది. ఆరు వారాలు పట్టింది.

అందరికీ ఇదే మేలని చెప్పను. కారు పందేల ఆటలకు స్టిక్కే హాయి. ఎడమ చేత్తో నడవడానికి నేనూ స్టిక్కే వాడతాను. అందుకేనేమో, వాల్వ్ వారు 2022లో తెచ్చిన స్టీమ్ డెక్‌లో స్టిక్కులూ పలకలూ రెండూ పెట్టారు. 2025 నవంబరులో ప్రకటించిన కొత్త కంట్రోలరూ అంతే. నా నొప్పి పూర్తిగా పోలేదు. ఆట వల్ల పెరగడం మాత్రం ఆగింది.

ఆ మార్చిలో ఒక ఆదివారం, గాలిలోకి ఎగిరి, కింద పడేలోగా ఎదుటి గోడమీద ద్వారం తెరవాల్సిన చోటుకు వచ్చాం. నాలుగుసార్లు పడ్డాను. అయిదోసారి వేలు తనంతట తానే జారింది, ద్వారం తెరుచుకుంది. వాడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కాసేపాగి, "నాన్నా, జూన్ తర్వాత ఈ ఉద్యోగం ఉండదు. అమ్మకు ఇంకా చెప్పలేదు" అన్నాడు.

ఫోనులో అయితే ఆ మాట చెప్పేవాడు కాడు. సాకులు చెప్పి నేను ఆట మానేసి ఉంటే నాకు తెలిసేదీ కాదు.

"సరే లేరా, చూద్దాం. ముందు నీ ద్వారం తెరువు" అన్నాను.

తెరిచాడు. ఆ రాత్రి పదకొండు దాకా ఆడాం. దసరాకల్లా వాడికి అదే ఊళ్ళో వేరే ఉద్యోగం దొరికింది. ఆ కబురు మాత్రం ముందుగా వాళ్ళమ్మకే చెప్పాడు.