ధర్మవరపు మగ్గముల నడుమ

పెండ్లి నిశ్చయమైనంతనే ధర్మవరపు పట్టుచీర మాట యెత్తని యిల్లు మన సీమలో నరుదు. చీర నెరిగినవారమే గాని, యది పుట్టిన యూరిని మనలో నెందరు చూచితిమి? మొన్నటి దసరా సెలవులలో మావారితో గూడ హిందూపురమునుండి ధర్మవరమునకు బోయి, రెండు దినము లచట నుండి చూచిన విశేషములను మీకు విన్నవించుచున్నాను.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును గుంతకల్లు బెంగుళూరు రైలుమార్గమున నున్నవి. పూర్వ మివి యనంతపురము జిల్లాలోనివి. 2022వ సంవత్సరమున నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో జేరినవి. హిందూపురము పెద్ద సంతయూరు. చింతపండునకును ఎండుమిరపకాయలకును పేరు వడసినది. అచటనే పట్టుగూళ్ళ మార్కెట్టు కలదు. చుట్టుపట్ల రైతులు మల్బరీ యాకు మేపి పెంచిన పురుగుల గూళ్ళను కుప్పలు పోసి వేలము వేయుదురు. ఒక గూటిని చెవియొద్ద నాడించి చూచితిని. లోపలి పురుగు గలగలమనెను. మన కొంగున మెరయు పట్టునకు మొదలదియే.

దారిలో పెనుకొండ. 1565లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగరము పాడుపడగా, తిరుమలరాయలు రాజధాని నీ కొండ క్రిందికి మార్చెను. గగనమహలును, ప్రక్కప్రక్కనే వెలసిన రామునిగుడి, శివునిగుడియు, జైనుల పార్శ్వనాథాలయమును, బాబయ్య దర్గాయు నేటికిని గలవు. రాజుల వైభవము రాళ్ళయందు మాత్రమే నిలిచినది.

ధర్మవరము చిత్రావతీ తీరమునందలి యూరు. నేతవారి వీథిలో నడచుచుండగా నింటింటినుండియు మగ్గపు చప్పుడు వినవచ్చును. మమ్ము లోనికి బిలిచిన యింటిలో మగ్గము నేలలోని గుంటపై నమర్చియుండెను. యజమాని గుంటలో కాళ్ళుంచి త్రొక్కుచు, చేత నాడెను పంపుచుండెను. పైన జకార్డు పెట్టెలో చిల్లుల అట్టలు తిరుగుచుండ, అంచున హంసలు, మామిడిపిందెలు తీరుచుండెను. లేపాక్షి గుడి పైకప్పున చిత్రించిన స్త్రీల చీరలను చూచినవారికి, ఆ యంచులు బుట్టలు మరల ప్రాణము పోసికొనినట్లు తోచును.

అయితే నాకు ముఖ్యముగా దోచినది మగ్గము కాదు. దాని ప్రక్క రాట్నమువద్ద కూర్చున్న యిల్లాలు. ముడి పట్టును సబ్బుసోడాలతో నుడికించి జిగురు తీయవలెను, రంగు లద్దవలెను, పడుగు సాగదీయవలెను, పేకకు కండెలు చుట్టవలెను. పాత పడుగు కొసలకు క్రొత్తవాని నొక్కొక్క పోగుగా నతుకవలెను. వీనిలో ననేకము స్త్రీలచేతి పనులే. నైపుణ్యమునుబట్టి యొక చీరకు కొన్ని దినములు మొదలు నెలకు పైగా బట్టును. పెక్కుమందికి పట్టును జరీయు షావుకారిచ్చును. నేసినవారికి చీరకింత యని మజూరి. ఆ మజూరిలో భార్య చుట్టిన కండెలకు వేరు లెక్క లేదు.

“మా ఆయన నేసినాడు అంటారక్కా. పోగు మొదలు పోయేది నా చేతిలోనుంచే” అని యామె నవ్వుచునే పలికెను. ఆమె కట్టినది వెలిసిన నూలుచీర. నాకు వెంటనే మాట రాలేదు.

మరునాడు సమీపమున నున్న నిమ్మలకుంటకు బోయితిమి. తోలుబొమ్మల కళాకారుల యూరది. మేకతోలును పలుచగా జేసి, సన్నని రంధ్రములు పొడిచి, రంగు లద్ది, దీపపు వెలుగున తెరవెనుక రామాయణము నాడింతురు. స్త్రీపాత్రల గొంతు లా యింటి స్త్రీలవే. ఈ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆట లాడించువారు తగ్గినందున నిప్పుడా చేతులే దీపపు తొడుగులను జేసి బ్రదుకుచున్నవి.

ఇక మన కర్తవ్యమేమి? కొన్ని రకముల చీరలను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినది. అయినను మరమగ్గపు చీరలు చేనేత పేరున అంగళ్ళకు వచ్చుచునే యున్నవి. 2004లో వచ్చిన సిల్కు మార్కు పట్టు నిజమైనదని మాత్రమే చెప్పును; చేత నేసినదో కాదో చెప్పదు. దానికి 2006లో వచ్చిన చేనేత గుర్తును చూడవలెను. కొంగు కొసనుండి రెండు పోగులు దీసి కాల్చినచో, నిజమైన పట్టు వెంట్రుక కాలిన వాసన గొట్టి, నలిపిన పొడియగు బూడిద నిచ్చును.

అంగడిలో ధర తగ్గింపు మనుటకు ముందుగా, ఇది యే మగ్గముమీది దని యడుగుడు. పదిమంది యడిగినచో వర్తకుడును అడుగక తప్పదు. అట్లడిగినపుడు గదా, రాట్నమువద్ద కూర్చున్న యా తల్లి పని యొకనాటికైనను లెక్కకు వచ్చుట!