విశ్రాంతి తరువాతి పిలుపు

ఉద్యోగికి పదవీ విరమణ రోజు ఒక చిన్న పండుగ. సహోద్యోగులు పూలదండ వేస్తారు, శాలువా కప్పుతారు, చేసిన పనిని పదిమంది ముందు పొగుడుతారు. ఆ పొగడ్తలలో కొంత అతిశయోక్తి ఉన్నా ఇంటిల్లిపాదీ సంతోషంగా వింటారు. గూఢచారికి ఆ భాగ్యం లేదు. అతడు ముప్ఫై ఏళ్లు ఏ పని చేశాడో భార్యకు చెప్పకూడదు, పిల్లలకు చెప్పకూడదు. సాధించిన విజయం బయటపడదు. ఎదురైన ఓటమి గుండెలోనే మిగులుతుంది. అందరూ ఉద్యోగాన్ని వదిలి ఇంటికి వెళతారు. గూఢచారి మాత్రం ఉద్యోగాన్ని తన లోపలే మోసుకొని ఇంటికి వెళతాడు. అందుకే గూఢచారి నవలలలో ఒక గొప్ప శాఖ అతని పదవీ విరమణ తరువాత మొదలవుతుంది. ఒక రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఒకప్పుడు తనను వద్దన్న కార్యాలయమే మళ్లీ రమ్మని కబురు పంపుతుంది.

ఇటువంటి కథలు ఎక్కడో పడమటి దేశాలలోనే ఆదరణ పొందాయనుకోవడం సరికాదు. హైదరాబాదు పాతబస్తీకి ఈ సాహిత్యంతో గాఢమైన పరిచయం ఉంది. చార్మినార్‌కు పడమరగా లాడ్ బజార్‌ను, మహబూబ్ చౌక్‌ను దాటి వెళితే హుస్సేనీ ఆలం వస్తుంది. ఆలం అంటే మొహర్రం రోజులలో భక్తితో నిలిపే ధ్వజం. తెలుగు పల్లెలు దానినే పీరు అని పిలుస్తాయి. ఇమామ్ హుస్సేన్ త్యాగాన్ని స్మరింపజేసే ఆ ధ్వజం పేరే ఈ పేటకు పేరయింది. ఉర్దూ, తెలుగు పక్కపక్క గుమ్మాలలో వినిపించే ఇటువంటి పేటలలో ఒక తరం పాఠకులు గూఢచారి కథలను రెండు భాషలలోనూ చదివారు.

ఉర్దూ పాఠకుల అభిమాన రచయిత ఇబ్నె సఫీ. ఆయన అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928లో అలహాబాద్ ప్రాంతంలోని నారా గ్రామంలో జన్మించారు. 1952లో అలహాబాదు నుంచి ‘జాసూసీ దునియా’ వరుసను ప్రారంభించారు. ఆ ఏడాదే కరాచీకి తరలివెళ్లారు. 1955లో ‘ఇమ్రాన్’ వరుస మొదలైంది. ఇమ్రాన్ పైకి తెలివితక్కువవాడిలా ప్రవర్తిస్తాడు. ఎక్స్‌టూ అనే రహస్య అధికారి అతడేనని ఆయన కింద పనిచేసేవారికే తెలియదు. దేశం రెండుగా చీలినా ఈ పుస్తకాలు చీలలేదు. అవి ఇటూ అటూ అచ్చయ్యాయి, ఇటూ అటూ చదువరులను నిద్రపోనివ్వలేదు. 1960 నుంచి దాదాపు మూడేళ్లపాటు మానసిక వ్యాధి ఆయన కలాన్ని ఆపివేసింది. 1963లో ‘డేఢ్ మత్‌వాలే’ నవలతో ఆయన తిరిగి వచ్చారు. గూఢచారులను సృష్టించిన రచయితే విరామం నుంచి తిరిగి పనిలోకి వచ్చిన ఉదంతమిది. 1980లో కన్నుమూసేవరకు ఆయన రచన మానలేదు.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు కొన్ని దశాబ్దాలపాటు పాఠకుల ఇళ్లలో బంధువుల వలె మసలారు. తరువాత మధుబాబు ‘షాడో’ వచ్చాడు. అద్దె పుస్తకాల దుకాణాలలో ఆ నవలల కోసం యువకులు వంతులు వేసుకున్నారు. వెండితెరపై 1966లో ‘గూఢచారి 116’ చిత్రం ద్వారా కృష్ణ తెలుగువారికి జేమ్స్‌బాండ్ తరహా కథానాయకుడిని పరిచయం చేశారు. ఈ నాయకులందరిలో ఒక పోలిక ఉంది. వారికి వయసు రాదు. ఎన్ని నవలలు గడిచినా మోకాలి నొప్పి రాదు, కంటికి మసక కమ్మదు, పింఛను కాగితాల కోసం తిరగవలసిన అవసరం కలగదు. వారిని చదివిన కుర్రవాళ్లు మాత్రం ముసలివారయ్యారు.

ముసలివాడైన గూఢచారిని సాహిత్యంలో చిరస్థాయిగా నిలిపినవారిలో ముఖ్యుడు ఇంగ్లండు రచయిత జాన్ లె కారే. ఆయన స్వయంగా బ్రిటిష్ గూఢచార శాఖలలో పనిచేసినవారు. 1974లో వెలువడిన ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’ నవలలో జార్జ్ స్మైలీ అనే పాత్ర ఉంది. అతడు పొట్టిగా, లావుగా, కళ్లద్దాలతో, మాసిన గుమాస్తా వలె కనిపిస్తాడు. అతని భార్య అతనిని వదిలి వెళుతూ వస్తూ ఉంటుంది. పై అధికారి పతనమైనప్పుడు అతనినీ ఉద్యోగం నుంచి పంపివేశారు. కొంతకాలానికి ప్రభుత్వం అతనిని రహస్యంగా పిలిపిస్తుంది. సంస్థ అగ్రస్థానంలో శత్రువుకు అమ్ముడుపోయినవాడు ఒకడున్నాడు, అతనిని కనిపెట్టాలి. లోపల ఉన్నవారిలో ఎవరిని నమ్మాలో తెలియదు కనుక బయట ఉన్నవాడే ఆ పనికి తగినవాడు. ఒకనాడు అవమానంగా తోచిన తొలగింపే ఇప్పుడు అర్హతగా మారుతుంది.

ఈ కథకు చారిత్రక నేపథ్యం ఉంది. బ్రిటిష్ గూఢచార శాఖలో ఉన్నత స్థానానికి ఎదిగిన కిమ్ ఫిల్బీ సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అందించి, 1963లో బేరూత్ నుంచి మాస్కోకు పారిపోయాడు. స్నేహితుడే ద్రోహి అయితే కలిగే బాధ ఎలాంటిదో ఆ దేశం అప్పుడు తెలుసుకొంది. స్మైలీ ఆ బాధను చేతిలో తుపాకి పట్టుకొని తీర్చుకోడు. ఒక చిన్న హోటల్ గదిలో కూర్చొని రాత్రులు పాత దస్త్రాలు చదువుతాడు. సంస్థ పనికిరారని వదిలివేసినవారిని వెతుక్కుంటూ వెళతాడు. వారిలో ఒకామె పేర్లన్నీ జ్ఞాపకం పెట్టుకున్న వృద్ధ పరిశోధకురాలు. మరొకరు వెన్నులో తూటా గాయంతో బడిలో పాఠాలు చెప్పుకొంటున్న పాత సైనికుడు. సత్యం వారివద్ద ముక్కలుగా ఉంది. బయటికి నెట్టబడినవారి జ్ఞాపకాలను కలిపి కుట్టినప్పుడే లోపలి ద్రోహి రూపం కనిపిస్తుంది. పాతవారిని పారవేసే సంస్థ తన జ్ఞాపకశక్తినే పారవేసుకుంటుందన్నది ఆ నవల చెప్పే సత్యం.

మన దేశ చరిత్రలోనూ ఇటువంటి పిలుపులు లేకపోలేదు. 1968లో ఏర్పడిన విదేశీ గూఢచార సంస్థ ‘రా’కు తొలి అధిపతి రామేశ్వర్‌నాథ్ కావ్. 1977లో పదవి నుంచి వైదొలగిన ఆయన, 1980వ దశకం ఆరంభంలో ప్రధాని ఇందిరాగాంధీకి భద్రతా సలహాదారుగా తిరిగి వచ్చారు. ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతిగా 2005లో విరమించిన అజిత్ డోభాల్ 2014లో జాతీయ భద్రతా సలహాదారుగా నియమితులయ్యారు. దేశానికి అనుభవం అవసరమైనప్పుడు వయసు అడ్డు రాదని ఈ నియామకాలు చెబుతాయి.

అయితే పిలిచేవాడి అవసరం వేరు, పిలుపు అందుకున్నవాడి మేలు వేరు. ఈ తేడాను కౌటిల్యుడు ఏనాడో గుర్తించాడు. అర్థశాస్త్రంలో ఆయన గూఢపురుషులుగా ఎవరిని నియమించాలో చెబుతూ, బతుకుతెరువు కోల్పోయిన రైతును, వ్యాపారం చితికిపోయిన వర్తకుడిని, సన్న్యాసం నుంచి జారినవాడిని పేర్కొన్నాడు. అంటే రాజు దృష్టి పడేది జీవితంలో పట్టు తప్పినవాడి మీద. ముగ్గురు చారుల మాట ఒక్కటైతేనే నమ్మాలన్న జాగ్రత్త కూడా ఆయనదే. ఇద్దరు రాజుల వద్ద జీతం తీసుకునే గూఢచారిని ఆయన ఉభయవేతనుడన్నాడు. అటువంటివారి భార్యాబిడ్డలను రాజు తన అధీనంలో ఉంచుకోవాలన్నాడు. రాజ్యం కళ్లతో చూస్తే అది జాగ్రత్త. ఆ ఇంటి కళ్లతో చూస్తే అది బందిఖానా. గూఢచారి కథలోని విషాదం ఈ రెండు చూపుల మధ్య ఉంది.

ఇంతకూ సాధారణ పాఠకుడికి ఈ కథలతో ఏమి పని? ఆయన ఎన్నడూ సరిహద్దు దాటలేదు, మారుపేరుతో తిరగలేదు. దీనికి సమాధానం హుస్సేనీ ఆలం వంటి పేటలోనే దొరుకుతుంది. నిజాం రాజ్యంలో 1880వ దశకంలో పర్షియన్ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించి పాలనా భాష అయింది. భూములకు సంబంధించిన పాత సేత్వార్లు, పహాణీలు ఆ భాషలో రాసినవి. రాజ్యం 1948లో భారతదేశంలో కలిసింది. పాలనా భాషలు మారాయి. కానీ భూమి తగాదాలు మారలేదు. పొలం ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ పాత కాగితాలనే తెరవాలి. అందులోని గొలుసుకట్టు రాత చదవగలిగినవారు తరానికి తరానికి తగ్గిపోయారు. చదవగలిగినవారిలో చాలామంది పింఛనుదారులు.

అటువంటి ఒక విశ్రాంత గుమాస్తాను ఆ పేటలో ఊహించడం కష్టం కాదు. ఉదయం ఇరానీ చాయ్, మధ్యాహ్నం పాత జాసూసీ నవల, సాయంత్రం మనవడి హోంవర్కు ఆయన దినచర్య. దస్త్రాల గదిలో గడిపిన ఏళ్లను ఇంట్లో ఎవరూ అడగరు. ఒకనాడు పాత కార్యాలయం నుంచి ఒక యువకుడు వస్తాడు.

“సార్, ఈ కాగితం చదవగలవారు మా సెక్షన్‌లో ఎవరూ లేరు. తమరు ఒక్కసారి రావాలి.”

పెద్దాయన చేతిలోని నవల పక్కన పెడతాడు. ఆయన కళ్లలో వెలుగు రావడం సహజం. తనకు తెలిసినది ఇంకా ఈ లోకానికి పనికివస్తుందన్న మాట వృద్ధుడికి మందు కన్నా మేలు చేస్తుంది. కానీ అనుభవం ఆయనకు మరొకటి కూడా నేర్పింది. ఒక్క పేరు, ఒక్క అంకె మార్చి చదివితే ఒక కుటుంబం వీధిన పడుతుంది. పిలిచినవారికి కావలసినది సత్యమా, తమకు అనుకూలమైన సంతకమా అన్నది ముందే తెలియదు.

“వస్తాను నాయనా. కానీ అందులో ఏముందో అదే చదువుతాను. మీకు ఏమి కావాలో అది చదవను,” అంటాడాయన.

తుపాకులు, మారువేషాలు లేని ఈ చిన్న సంభాషణలో గూఢచారి నవల సారమంతా ఉంది. సేవకు తిరిగి వెళ్లే వ్యక్తికి చేతిలో మిగిలిన ఆయుధం ఈ ఒక్క షరతే. పదవిలో ఉన్నప్పుడు పై అధికారి ఆజ్ఞకు తలవంచక తప్పకపోవచ్చు. విరమించినవాడికి పోయేందుకు పదవి లేదు. కనుక సత్యం చెప్పే స్వేచ్ఛ అతనికి ఎక్కువ. దానిని ఉపయోగించుకోకపోతే ఆ పిలుపులో గౌరవం ఉండదు, వాడకం మాత్రమే ఉంటుంది.

లె కారే ఈ సంగతిని చివరివరకు మరచిపోలేదు. 1979లో వచ్చిన ‘స్మైలీస్ పీపుల్’ నవలలో స్మైలీని మరోసారి విశ్రాంతి నుంచి పిలుస్తారు. ఈసారి అతడు తన జీవితకాల శత్రువు, సోవియట్ గూఢచార అధికారి కార్లాను ఓడిస్తాడు. ఎలా? కార్లాకు రహస్యంగా ఒక కూతురుంది. ఆమె మీద తండ్రికి గల ప్రేమే వల అవుతుంది. భార్యాబిడ్డలను పట్టు చేసుకోవాలన్న కౌటిల్యుని సూత్రం ఇరవయ్యో శతాబ్దపు బెర్లిన్‌లో మళ్లీ పనిచేసింది. శత్రువు లొంగిపోయి ఇవతలికి నడిచి వచ్చినప్పుడు తోటివారు అభినందిస్తారు. స్మైలీ మనసు మాత్రం ఉత్సవం చేసుకోదు. కరుణ లేనివాడని తాను నిందించిన శత్రువును అతని కరుణ ఆధారంగానే పట్టుకున్నానని అతనికి తెలుసు.

వయసు మీరినవారికి పిలుపు రావడం సంతోషకరమే. అనుభవాన్ని మూలన పడవేసే సమాజం పేదదవుతుంది. కానీ పిలుపు రాగానే, “నాకింకా శక్తి ఉందా?” అని మాత్రమే ప్రశ్నించుకుంటే చాలదు. “నా శక్తిని దేనికి వాడబోతున్నారు?” అని కూడా అడగాలి. మొదటి ప్రశ్నకు సమాధానం శరీరం చెబుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది మనస్సాక్షి. దానికి పదవీ విరమణ లేదు.