చుక్క, చిల్లు

రెడ్ డాట్ ఇంటికొచ్చిన రాత్రి దాన్ని డబ్బాలోంచి తీసి, ఇంకా రైఫిల్‌కి బిగించకుండానే, హాల్లో తెల్లగోడ వైపు పెట్టి చూశా. గుండ్రటి ఎర్ర చుక్క ఒకటి కనపడాలి. నాకు మాత్రం నలిపేసిన దానిమ్మ గింజ కనపడింది. పక్కన రెండు తోకలు కూడా. డిఫెక్టివ్ పీస్ అంటగట్టారనుకుని మా కరీంనగర్ అన్నకి ఫోన్ చేశా. డల్లాస్‌లో నాకు తుపాకి పట్టుకోవడం నేర్పింది ఆయనే. "ఫోన్ కెమెరా అండ్లకెల్లి పెట్టి ఫొటో తియ్యి తమ్మీ" అన్నాడు. తీశా. ఫొటోలో చుక్క గుండ్రంగా, బుద్ధిగా ఉంది. "సామాను మంచిగనే ఉన్నది. కన్ను చూపించుకో" అని పెట్టేశాడు.

చూపించుకోలేదు.

హెచ్-వన్ మీదున్నవాళ్లకి వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే ఇక్కడ తుపాకి కొనడం చట్టప్రకారం కుదరదు. నాకు గ్రీన్ కార్డ్ నా భార్య వల్ల వచ్చింది, ఆమె ఇక్కడే పుట్టింది. స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ అంటే లైట్లు ఆర్పేసి, గోడవారన నేలమీద చప్పుడు చేయకుండా కూర్చున్న పిల్ల. "అది సేఫ్‌లో, గుళ్లు వేరే తాళంలో. రెండు తాళాలూ నాకు తెలియాలి" అంది. ఒప్పుకున్నా. ఎందుకు కొన్నావని ఆమె అడిగితే ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. కాగితం మీద చిల్లులు చేయడం బాగుంటుంది, అంతే.

సరే, ఎత్తు సంగతి. ఏఆర్-15లో బట్ బారెల్‌కి తిన్నగా వెనక్కి వస్తుంది, పేల్చినప్పుడు మూతి పైకి లేవకుండా. దానివల్ల బుగ్గ ఆనించాక కన్ను బారెల్‌కి చాలా పైన పడుతుంది. అందుకే ఐరన్ సైట్స్ కూడా బారెల్ మధ్యరేఖ నుంచి రెండున్నర అంగుళాల పైచిలుకు ఎత్తులో కూర్చుంటాయి. ఐరన్ సైట్ ఎత్తు ఎంచుకోవడం అంటారు గానీ, నిజానికి ఆ ఎత్తు ఎప్పుడో ఖాయమైపోయింది. మనం మార్చేది రెడ్ డాట్ కింద పెట్టే మౌంట్‌ని. రైల్ మీద సుమారు 1.4 అంగుళాల మౌంట్ అయితే ముందు పుల్ల, వెనక చిల్లు, చుక్క అన్నీ అద్దం నడిమధ్యకొస్తాయి. దాన్ని ఆబ్సొల్యూట్ కో-విట్‌నెస్ అంటారు. 1.6 దాకా లేపితే ఐరన్స్ అద్దంలో కింది మూడో వంతుకి దిగిపోయి, పైన చుక్క ఒక్కటే ఖాళీగా తేలుతుంది. దీని పేరు లోయర్ థర్డ్. తేడా అంగుళంలో అయిదో వంతు. గుండుకి అది పెద్ద లెక్క కాదు, మెడకీ బుగ్గకీ లెక్కే.

(ముందు సైట్‌ని రైల్ మీద కాకుండా గ్యాస్ బ్లాక్ మీద బిగించేవాళ్లు మాత్రం జాగ్రత్త. అది కాస్త పల్లంలో ఉంటుంది కాబట్టి దానికోసం పొడవు సైట్ విడిగా చేస్తారు.)

నేనడిగిన ప్రతివాళ్లూ లోయర్ థర్డే అన్నారు. చూపుకి అడ్డం ఉండదు, తల ఎత్తి హాయిగా చూడొచ్చు, డాట్ ఆరిపోతే తల కొంచెం దించితే ఐరన్స్ దొరుకుతాయి. నాకూ నచ్చింది. అడ్డం లేని చూపు ఎవరికి చేదు? అదే కొన్నా.

రేంజ్‌లో 50 గజాల దగ్గర పది గుళ్లు పేలిస్తే కాగితం మీద పప్పులో మిరియాలు చల్లినట్టు పడ్డాయి. దానిమ్మ గింజలో నడిమి ఎక్కడో తెలిస్తే కదా. అన్న ఏమీ అనలేదు. మడిచి ఉన్న ఐరన్స్ రెండూ లేపి, "తల దించి గా చిల్లులకెల్లి చూడు" అన్నాడు.

చూశా. తోకలు లేవు. ముందు పుల్ల కొన మీద చిన్న ఎర్ర చుక్క, గుండ్రంగా, కూర్చోబెట్టినట్టు. బ్యాటరీ అయిపోయినప్పటికని మడిచి దాచుకున్న వస్తువు, బ్యాటరీ వెలుగుతుండగా పనికొచ్చింది. నా కంటి పొర అన్ని వైపులా ఒకేలా వంగిలేదు. అంచుల్లోంచి వచ్చే వెలుగు వేరే చోట పడి చుక్కని చీలుస్తోంది. చిన్న చిల్లు ఆ అంచుల వెలుగుని ఆపేస్తుంది.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. విజయవాడ బస్టాండులో గుప్పిట బిగించి, మధ్యలో సన్న సందు ఉంచి, దాన్ని కంటికి ఆనించి బోర్డులు చదివేవాడు. నేను అది ఆట అనుకుని పక్కన నిలబడి నా గుప్పిట్లోంచి నేనూ చదివేవాణ్ణి.

మౌంట్ మార్చేశా. ఆబ్సొల్యూట్. ఇప్పుడు ఐరన్స్ ఎప్పుడూ లేచే ఉంటాయి, చూపు నడిమధ్యలోనే. ఇరుకుగానే ఉంది. పక్కన ఏం జరుగుతుందో కనపడటం తగ్గింది, తల కూడా ఇంకాస్త వంచాలి. చాలామందికి ఇది తప్పు సలహా అవుతుంది, నాకు తెలుసు. కవిత్వానికి సిద్ధాంతం అడ్డం పెట్టుకుని చదువుతారని కొందరు విమర్శకుల్ని నేను వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అనేముందు కొంచెం తడుముకుంటున్నా.

అదే రోజు డాట్ ఆపేసి ఒట్టి ఐరన్స్‌తో కొట్టి చూశా. అన్నీ కిందకీ ఎడమకీ పోయాయి. వాటిని నేను జీరో చేయనే లేదు. ఆఫీసులో బ్యాకప్ రీస్టోర్ చేసి చూడని వాళ్లమీద ఎగిరేది నేనే.

చివరికి కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లా. రెండు కళ్లకీ సిలిండర్ పవర్ ఉంది, చాలా కాలంగా ఉండుంటుంది అన్నారు. అద్దాలతో చుక్క దాదాపు గుండ్రంగానే ఉంది. "ఇగ మళ్ల లోయర్ థర్డ్ పెట్టుకుంటవా?" అని అన్న అడిగాడు. ఇంకా పెట్టలేదు.

ఆదివారం వీడియో కాల్‌లో నాన్నని అడిగా, అప్పట్లో కళ్లద్దాలకి డబ్బుల్లేకేనా గుప్పిట్లోంచి చూసేవాడివని. ఆయన నవ్వాడు. "డబ్బుల్లేక కాదురా. కొన్నా. జేబులోనే ఉండేవి. పెట్టుకుంటే మీ అమ్మ పక్కన ముసలాళ్ళా ఉంటానని."

నా కొత్త అద్దాలు అప్పటికి టేబుల్ మీదే ఉన్నాయి.