నంది కొండ దారిలో

బెంగుళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 1,478 మీటర్ల ఎత్తున ఉంది నంది కొండ. డిసెంబరులో ఒక ఆదివారం మా అబ్బాయి మౌంటెన్ బైకు మీద, వెనకే నేను స్కూటరు మీద బయలుదేరాం. ముందురోజే సైకిలుకు కొత్త చైను వేయించాను. వెనక ఫ్రీవీలు కూడా మార్చమని షాపతను చెప్పినా వినకుండా డబ్బు మిగిల్చాను.

ఘాటు మలుపులో వాడు లేచి నిలబడి తొక్కగానే చైను పళ్ళమీద జారింది. రోడ్డుమీద పడ్డాడు. వెనక కారతను బ్రేకు వేశాడు గనుక బతికిపోయాం.

కింద నంది గ్రామంలో, భోగనందీశ్వరుడి గుడి దగ్గర, సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన మన తెలుగులోనే చెప్పాడు: "పాత చైనుతో అరిగిన పళ్ళు కొత్తదాన్ని పట్టవు సామీ." స్కేలు తెచ్చి చూపించాడు. ఒక పిన్నుమీద సున్నా పెడితే, దాని తర్వాత 24వ పిన్ను 12 అంగుళాల మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే ఫ్రీవీలూ పోయినట్టే.

బ్యాంకులో ఎందరి యంత్రాలకో తరుగు లెక్కలు చూసిన నేను, ఇంట్లో సైకిలు తరుగు చూడలేదు! ఫ్రీవీలు మార్పించాక సంక్రాంతి సెలవుల్లో వాడు కొండ పైదాకా ఎక్కాడు. మీ ఇంట్లోనూ గేర్ల సైకిలుంటే ఒకసారి స్కేలు పెట్టి చూడండి.