సిడ్నీ పెరటిలో ఉప్పుకొలను

విమానము సిడ్నీ నగరముమీదికి దిగుచుండగా క్రిందికి చూచినవారికి ముందు సముద్రము, దాని వెనుక ఎఱ్ఱపెంకుల యిండ్లు, ఆ యిండ్ల పెరళ్లలో నీలపుబిళ్ళలు పఱచినట్లు చిన్నచిన్న నీటిపట్టులు కనబడును. అవి ఈతకొలనులు. మన పల్లెలలో పెరటికి నూయి యెట్టిదో యిచ్చట కొంచెము స్థితిగల గృహస్థునకు కొలను అట్టిది. మనకు సంక్రాంతి చలిమంటల కాలము; వీరికది నడివేసవి. భోగినాడు మేము మంటచుట్టు కూర్చుండుటకు మాఱుగా పిల్లలతో కొలనుగట్టున కాళ్లు తడుపుకొనుచు కూర్చుంటిమన్నచో సోదరీమణులు నవ్వుదురేమో!

మేము దిగినది మా చెల్లెలి కుమార్తె యింట. నగరమునకు పడమటనున్న ఆ పేటలలో మన తెలుగువారు పెక్కుమంది కాపురములున్నారు. సముద్రపుగాలి అంతదూరము రాదు గనుక తీరపు పేటలకంటె అచ్చట ఎండ హెచ్చు. అమ్మాయియు అల్లుడును కొలనుతోకూడిన యిల్లు కొని రెండేండ్లయినది. కొలను సుమారు 50 వేల లీటర్ల నీరు పట్టును. చుట్టును కంచె కలదు. అది వారు ముచ్చటకు కట్టించినది కాదు. న్యూ సౌత్ వేల్సు రాష్ట్రమున 1992లో చేసిన శాసనమునుబట్టి 30 సెంటీమీటర్లకు మించిన లోతుగల పెరటికొలనులకు అడ్డుకట్టు ఉండవలెను. కంచె యెత్తు 1.2 మీటర్లకు తగ్గరాదు. తలుపు కొలనువైపునకు గాక వెలుపలికే తెఱచుకొని, చేయి విడిచినంతనే తనంతట మూసికొని గడియ పడవలెను. మునిగినవారికి ఊపిరి పోయు విధానము వ్రాసిన పలక గట్టున కనబడుచుండవలెను. మన ఊళ్ల కుంటలకును గోతులకును ఇట్టి నియమ మొక్కటి అమలులోనున్నచో ఎందఱు తల్లులకు కడుపుశోకము తప్పునో అని మాకు తోచినది.

కొలనుకు గడియ యున్నది సరే. ప్రక్కనున్న కొట్టుగదికి లేదు. నిలువనీరు పాచిపట్టకయు, రోగక్రిములు పెరుగకయు నుండుటకు క్లోరిను వేయవలెను. వేసవిలో ద్రవక్లోరిను డబ్బాలు వారము వారము మోసికొని వచ్చి పోయుచుండిరి. అవసరమునకని పొడిక్లోరిను పీపా యొకటి ఆ గదిలో నుండెను. దాని ప్రక్కనే నీటిలోని క్షారగుణమును తగ్గించుటకు వాడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు డబ్బా. ఈ రెండును కలిసినచో విషవాయువు పుట్టి పీల్చినవారి ఊపిరితిత్తులను చెఱచును. ఇంటిలో అయిదేండ్ల పిల్లవాడు. “పెద్దమ్మా! కొలనుకంటె నాకీ కొట్టుగది యెక్కువ భయము” అని అమ్మాయి మాతో రెండుమూడు పర్యాయములు అన్నది.

ఆ భయమే వారిని ఉప్పుకొలనువైపు త్రిప్పినది. ఈ పద్ధతి 1970 తరువాతి యేండ్లలో ఆస్ట్రేలియా, న్యూజిలండు దేశములలో వ్యాపించి, పిదప ఇతరదేశములకు పోయినది. ఇరుగుపొరుగు కొలనులు చాలవఱకు ఇట్టివే. అయితే వానినిగూర్చి చెప్పుకొను మాటలలో సగము నిజము, సగము పుకారు. “ఉప్పు వేసికొన్నచో ఇక క్లోరినుతో పనియే లేదు” అని ఒక స్నేహితురాలు అమ్మాయికి చెప్పినదట. పని చూడవచ్చిన మనిషి ఆ మాట విని నవ్వెను.

ఉప్పుకొలనులోను క్రిములను చంపునది క్లోరినే. మన ఉప్పు సోడియము, క్లోరిను కూడిన పదార్థము. ఉప్పునీటిని విద్యుత్తు పాఱు రేకులనడుమగా నడపినచో క్లోరిను పుట్టి నీటిలో కలియును. తన పని ముగించుకొని మరల ఉప్పుగా మాఱును. అంగడినుండి డబ్బాలతో తెచ్చు సరకును ఇంటిలోనే, అప్పటికప్పుడు, కావలసినంత వండుకొనుట యన్నమాట. కన్నులు ఎఱ్ఱబడుటకును, ఘాటువాసనకును క్లోరిను హెచ్చుటయే కారణమని చాలమంది తలంతురు. చెమట, మూత్రము మొదలగువానితో క్లోరిను కలిసినప్పుడు పుట్టు క్లోరమినులే ఆ రెంటికిని ముఖ్యకారణము. కొలనులో దిగుటకు ముందు పిల్లలకు ఒడలు కడిగినచో ఏ కొలనులోనైనను సగము బాధ తీఱును. ఇక ఉప్పదనమందుమా, సముద్రమున లీటరుకు సుమారు 35 గ్రాములు. మన కన్నీటిలో సుమారు 9. ఈ కొలనులలో 4 మొదలు 6 వఱకు. అందుచే నీటిలో కన్ను తెఱచినను మంట తక్కువ.

మొదట కొలనునీరు సీసాలో పట్టి అంగడిలో పరీక్ష చేయించిరి. ద్రవక్లోరిను వాడిన కొలనులో ఉప్పు కొంత చేరియే యుండును. ఇందు లీటరుకు 1 గ్రాము తేలినది, కావలసినది 5. అనగా 50 వేల లీటర్లకు 200 కిలోలు, 20 కిలోల బస్తాలు పది. అయోడిను చేర్చిన వంటయుప్పు దీనికి తగదు. పాతనీరు తీసివేయ నక్కఱలేకపోవుట మాకు వింతగా నుండెను.

పనివాడు విద్యుత్తును మూలమునందే ఆపి, నీరు వడపోతయంత్రమును దాటి కొలనుకు తిరిగిపోవు గొట్టమును కోసి, అచ్చట జానెడుకు మించిన గాజువంటి గొట్టమొకటి అమర్చెను. అందు టైటేనియపు రేకులు పుస్తకపు పుటలవలె వరుసగా నున్నవి. వానిపై రుథీనియమువంటి అరుదైన లోహముల పూత. గోడకు బిగించిన పెట్టెనుండి ఆ రేకులకు తీగలు. పంపు ఆగినచో ఈ పెట్టెయు ఆగునట్లు జతచేసిరి. నీరు కదలక రేకులు మాత్రము పనిచేయుచున్నచో హైడ్రొజను వాయువు గొట్టమున పోగై పేలవచ్చును. తీగలపని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేతనే చేయించిరి. నీరును విద్యుత్తును ఒకచోట చేరు పనిలో నాలుగు డబ్బులు మిగుల్చుకొనజూచుట పిల్లలుగల యింట తగదు.

బస్తాలు విప్పి లోతు తక్కువగల వైపున చల్లుచు అందఱమును బ్రష్షులతో కదిపితిమి. కరగుటకు ఒక దినము పట్టును. అంతవఱకు పంపు నడవవలెను గాని రేకులకు విద్యుత్తు ఈయరాదు, ఎవ్వరును దిగరాదు.

పిల్లవానిని ఆ యొక్కదినము కొలనుకు దూరముగా నుంచుటకే అమ్మాయి మమ్మందఱను కూజీ సముద్రతీరమునకు తీసికొనిపోయినది. అచ్చట కొండచఱియ క్రింద రాళ్లనడుమ మెకైవర్ స్త్రీల స్నానఘట్టము కలదు. పందొమ్మిదవ శతాబ్దినుండియు స్త్రీలు, చిన్నపిల్లలు మాత్రమే స్నానము చేయుచున్న తావు అది. పురుషులను రానీయకపోవుట సమానత్వశాసనమునకు విరుద్ధమను వివాదము రాగా 1995లో దానికి ప్రత్యేకముగా మినహాయింపు లభించినది. ముసలమ్మలు, గర్భిణులు, తల ముసుగు విడువని వనితలు, ఎవరి తీరున వారు నిశ్చింతగా నీటిలో నుండిరి. అలలు గోడదాటి వచ్చి నీటిని తామే మార్చిపోవును, పెట్టెలేదు, రేకులులేవు. దాపుననే 1907లో వైలీ యను నతడు కట్టించిన స్నానఘట్టము కలదు. అతని కుమార్తె మీనా వైలీయు, ఫానీ డ్యూరాకును 1912లో స్టాక్‌హోము ఒలింపిక్సులో, స్త్రీలకు ఈతపందెములు పెట్టిన మొదటి యేటనే, రెండవస్థానమును మొదటిస్థానమును గెలిచిరి. మగవారి యెదుట స్త్రీలు పందెమున ఈదరాదను నియమము అంతకుముందు ఈ రాష్ట్రపు స్త్రీల ఈతసంఘముననే యుండెనట!

మఱునాడు మీట నొక్కగానే గాజుగొట్టమున రేకులనడుమ పాలనురుగువంటి సన్నని బుడగలు లేచినవి. పిల్లవాడు గంటసేపు అచ్చటనే నిలిచి చూచెను.

ఇక పని తీఱినదని తలచినచో పొరపాటు. ఈ యంత్రము నడుచుకొలది నీటిలో క్షారగుణము పెరుగును. అప్పుడప్పుడు ఆమ్లము కలుపవలసినదే. బకెట్టులోని నీటిలో ఆమ్లమును పోయవలెను గాని ఆమ్లముపై నీరు పోయరాదు. ఎండ క్లోరినును త్వరగా హరించును గనుక, దానిని నిలుపు స్టెబిలైజరు తగుపాళ్లలో నుండవలెను. చినగంజాము, నౌపడా ఉప్పుమడులు చూచినవారికి ఒక సంగతి సులభముగా బోధపడును: ఎండకు నీరు ఆవిరియగును గాని ఉప్పు పోదు. పెద్దవాన కురిసి కొలను పొరలినప్పుడును, వడపోతయంత్రమును కడిగినప్పుడును పోయినంత మాత్రమే మరల వేయవలెను. కడిగిన ఆ నీరు చెట్లకు పోయరాదు. నీరు బాగుగ చల్లబడినచో యంత్రపుశక్తి తగ్గును. రేకులకు సున్నము తెల్లగా పట్టుచున్నదేమో చూచుకొనుచుండవలెను.

పరికరమునకును కూలికిని పెట్టిన ధనము మూడేండ్ల క్లోరిను వెలకు సరియని అల్లుని లెక్క. అయిదాఱేండ్లకు రేకులు అరిగి క్రొత్తవి కొనవలసివచ్చును. కావున ఆదా యన్న మాటను మేము ఒప్పము. “లెక్కలో మీదే గెలుపు, అత్తయ్యగారూ! కాని డబ్బాలు మోయుట తప్పినది గదా” అని అల్లుడు నవ్వెను.

మిగిలిన పొడిక్లోరిను పీపాను, ఇండ్లలోని రసాయనములను పుచ్చుకొను దినమున అమ్మాయి స్వయముగా కొనిపోయి అప్పగించివచ్చినది. ఆమ్లపు డబ్బా మాత్రము ఉండకతప్పలేదు. దానిని గాలితగులు మూల నేలమీద నొంటిగా నిలిపి గదికి తాళము వేయించిరి. తాళపుచెవి వంటింటి గూటిలో, అన్నిటికంటె పైఅరలో నున్నది.