ఎర్ర గీత లోపల

ఇంగ్లండులో మద్యం అమ్మడానికి లైసెన్సు కావాలంటే ముందు తలుపు మీద ఒక నోటీసు అతికించాలి. లేత నీలం కాగితం, ఏ4 సైజుకు తగ్గకూడదు, అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు. 28 రోజులు దారిన పోయేవాళ్లకు కనబడేలా ఉంచాలి. మా ఊరి పారిశ్రామికవాడలో ఉన్న పిల్లల ఆటల కేంద్రం గాజు తలుపు మీద, పుట్టినరోజు పార్టీల పోస్టరు పక్కనే ఆ నోటీసు పడింది. పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో ఏ ఆదివారమైనా ఆ తలుపు తోసుకుని వెళ్లేవే. ఆగి చదివింది మాత్రం, నాకు తెలిసి, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఫార్మసిస్టుగా చేస్తున్న ఒక అమ్మాయి. "అక్కా, పిల్లలాడుకునేచోట బీరు అమ్ముతారట, చూశారా?" అని ఫోన్ చేసింది. అప్పటికే కౌన్సిల్‌కు అభ్యంతరం రాసేసింది. విచారణకు తేదీ కూడా పడింది. విచారణకు ముందే ఆ చోటు ఒకసారి నిదానంగా చూడాలని శనివారం మధ్యాహ్నం వెళ్లాను.

ఒకప్పటి గోడౌను అది. రేకుల కప్పు, కిటికీలు లేవు. ఎడమవైపు బౌలింగ్ లేన్లు. కుడివైపు మెత్తలు చుట్టిన స్తంభాలతో, వలలతో మూడంతస్తుల ఆటల చట్రం, దాని అడుగున రంగు బంతుల తొట్టి. మధ్యలో కెఫే. వెనక వరసగా పార్టీ గదులు. లేన్లు, చట్రం, కెఫే, ఈ మూడింటికీ మధ్య గోడ లేదు. సాక్సులు లేకుండా పిల్లల్ని లోపలికి రానివ్వరు, కెఫేలో కూర్చున్న తండ్రి మాత్రం చేతిలో ఏముంటే అది పట్టుకుని నాలుగడుగుల్లో జారుడుబల్ల దగ్గరికి చేరగలడు. ఆ రోజు అందరి చేతుల్లోనూ ఉన్నవి కాఫీ కప్పులే.

మేనేజరు నలభై దాటిన ఇంగ్లీషావిడ. ఇదే కౌంటర్లో టీలు పోస్తూ మొదలుపెట్టి పైకొచ్చింది. నేను ఎందుకొచ్చానో చెప్తే ముఖం చిట్లించలేదు, కౌంటరు వెనక్కి తీసుకెళ్లి అన్నీ చూపించింది. సాయంత్రం ఆరయ్యేసరికి పిల్లలు వెళ్లిపోతారు, అద్దె, కరెంటు బిల్లు మాత్రం పొద్దుపోయేదాకా నడుస్తూనే ఉంటాయి. బౌలింగుకు ఆఫీసు బృందాలు ఫోన్ చేస్తాయి, బీరు లేదనగానే పెట్టేస్తాయి. "మూడు గంటలు కూర్చునే తల్లిదండ్రులు పిజ్జాతో ఒక గ్లాసు వైను అడుగుతారు. అందులో నాకు తప్పు కనబడదు. కానీ ఇది పబ్ అయిపోతే ముందు నేనే ఉద్యోగం మానేస్తాను" అంది. ఆమె మాట నేను నమ్మాను. చట్టం ప్రకారం అమ్మకాలకు పేరు మీద బాధ్యత వహించే మనిషి ఒకరుండాలి. 'డెసిగ్నేటెడ్ ప్రెమిసెస్ సూపర్‌వైజర్' అంటారు. అది తనే. అందుకోసం పరీక్ష రాసి పర్సనల్ లైసెన్సు తెచ్చుకుంది.

కౌంటరు కింద అరలోంచి గట్టి అట్టల రిజిస్టరు ఒకటి తీసి చూపించింది. తేదీ, సమయం, ఏమడిగారు, ఎందుకు ఇవ్వలేదు, ఎవరు కాదన్నారు అని అయిదు గడులు గీసి ఉన్నాయి. కాదన్న ప్రతి అమ్మకమూ ఇందులో ఎక్కాలి. పాతికేళ్ల లోపు మనిషిలా కనబడితే చాలు, వయసు రుజువు అడగడం ఇక్కడి పద్ధతి. చట్టం పెట్టిన వయసు 18, సందేహానికి చోటివ్వకుండా హద్దును 25కి జరిపారన్నమాట. రిజిస్టరులో మొదటి పేజీ అప్పటికే సగం నిండింది. లైసెన్సు రాకముందే సిబ్బంది చేత అభ్యాసం చేయించిందట. ఒకరు కొనేవాళ్లుగా, ఒకరు కాదనేవాళ్లుగా.

నా కన్ను అయిదో గడి మీద ఆగింది. కాదన్నవాళ్ల పొడి అక్షరాలు గుండ్రంగా, స్కూలు రాతలా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం కౌంటర్లో ఉన్న నలుగురిలో ఇద్దరు ఏ లెవెల్స్ చదువుతున్న పిల్లలు. వయసు పదిహేడు. ఇలాంటి కేంద్రాలన్నీ శని ఆదివారాల్లో నడిచేది ఈ వయసు పిల్లల చేతుల మీదే. పద్దెనిమిది నిండనివాళ్లు మద్యం అమ్మాలంటే ప్రతి అమ్మకాన్నీ పెద్దవాళ్లొకరు విడిగా ఒప్పుకోవాలని చట్టం చెబుతుంది. చిప్స్ పొట్లాల కోసం ఇరవైమంది వరసలో ఉన్నప్పుడు అది ఎలా సాగుతుందో నాకు అర్థం కాలేదు. మూడో పైంటు అడిగే నలభై అయిదేళ్ల తండ్రికి "ఇక చాలండి" అని పదిహేడేళ్ల పిల్ల చెప్పగలదా? ఆటల చట్రంలో ఉన్న పిల్లల గురించే అందరం మాట్లాడుతున్నాం. కౌంటరు వెనకున్నవాళ్లూ పిల్లలే.

ఈ వ్యవహారమంతా లైసెన్సింగ్ చట్టం, 2003 కింద నడుస్తుంది. 2005 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు మేజిస్ట్రేట్ల చేతిలో ఉన్న మద్యం లైసెన్సులను స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. కౌన్సిల్ చూడవలసినవి నాలుగే: నేరాలు, అల్లర్లు జరగకూడదు. జనానికి ప్రమాదం ఉండకూడదు. ఇరుగుపొరుగుకు బాధ కలగకూడదు. పిల్లలకు హాని జరగకూడదు. పోలీసులు, ఫైర్ సర్వీసు, ట్రేడింగ్ స్టాండర్డ్స్, పిల్లల రక్షణ విభాగం, ప్రజారోగ్య విభాగం వంటివాళ్లందరికీ దరఖాస్తు వెళ్తుంది. మామూలు మనిషి ఎవరైనా రాయవచ్చు. కానీ రాసింది ఆ నాలుగింటిలో దేనికో ఒకదానికి ముడిపడాలి. ఊళ్లో ఇప్పటికే చాలా బార్లున్నాయి, ఇంకొకటెందుకు అంటే వినరు. తాగడం తప్పు అన్నా వినరు. ఇక్కడ గుడికి, బడికి ఇన్ని మీటర్ల దూరం అనే లెక్క కూడా లేదు.

మరో నిబంధన ఉంది, అది తెలిశాక నాకు గట్టిగా తగిలింది. గడువులోగా ఒక్క అభ్యంతరమైనా రాకపోతే, దరఖాస్తు సక్రమంగా ఉంటే, కౌన్సిల్ ఆ లైసెన్సు ఇచ్చి తీరాలి. విచారణ ఉండదు. కౌన్సిలర్లకు సొంతంగా నచ్చకపోయినా చేయగలిగిందేమీ లేదు. ఆ అమ్మాయి ఉత్తరం రాయకపోయి ఉంటే, మరెవరూ కదలకపోతే, దరఖాస్తులో అడిగింది అడిగినట్టు చేతిలో పడేది.

నేను నెల్లూరు జిల్లాలో పెరిగినదాన్ని. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలిన రోజులు ఇంట్లో కథలుగా విన్నదాన్ని. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువుకున్న కూలి ఆడవాళ్లు జిల్లా అంతటా సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం పూర్తి మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలిపోయింది. వాళ్లకు నోటీసు ఇచ్చి అభిప్రాయం అడిగినవాళ్లు లేరు, రోడ్డెక్కి వినిపించుకున్నారు. ఇప్పుడు మన దగ్గర మద్యం దుకాణాల కేటాయింపు లాటరీ మీదే. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, ఒక్కోదానికి తిరిగిరాని రుసుము రెండు లక్షల రూపాయలు. ఇక్కడ దరఖాస్తు రుసుము భవనం పన్ను విలువను బట్టి మామూలుగా 100 నుంచి 635 పౌండ్లు. లాటరీ డ్రమ్ములో పక్కింటివాళ్ల మాటకు చోటు లేదు. అందుకే ఇక్కడ తలుపు మీద అతికించిన ఆ కాగితాన్ని నేను చిన్నచూపు చూడలేను.

విచారణ కౌన్సిల్ భవనం పై అంతస్తులో జరిగింది. గుర్రపునాడా ఆకారంలో బల్లలు. ముగ్గురు కౌన్సిలర్లు, వాళ్ల పక్కన న్యాయ సలహాదారు, లైసెన్సింగ్ అధికారి. ఎదురుగా మేనేజరు, ఆమె తరఫు సొలిసిటర్. పోలీసులు రాలేదు. సీసీటీవీ దృశ్యాలు 31 రోజులు దాచాలి, రిజిస్టరు నడపాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి అనే షరతులకు దరఖాస్తుదారు ముందే ఒప్పుకోవడంతో వాళ్లకు అభ్యంతరం లేకపోయింది. కార్ పార్కు రొద గురించి రాసిన పెద్దాయన ఒకరు, మన అమ్మాయి, అంతే.

ఆమె మొదటి ఉత్తరంలో ఉన్నది ఒక్కటే మాట, పిల్లల చోట మందు వద్దని. లైసెన్సింగ్ అధికారి ఆమెకు ఫోన్ చేసి, మీ భయం ఏమిటో చోటు చూపించి చెప్పండి అన్నాడట. అప్పుడామె దరఖాస్తుతో జతచేసిన ప్లాను తెప్పించుకుంది. అమ్మకానికి, తాగడానికి వాడే మేరను ఆ ప్లానులో ఎర్ర గీతతో చూపిస్తారు. ఆమె ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది. ఎర్ర గీత భవనం నాలుగు గోడల వెంటా తిరిగింది. కెఫే, లేన్లు, పార్టీ గదులు, మూడంతస్తుల చట్రం, బంతుల తొట్టి, అన్నీ లోపలే. "మూడేళ్ల పిల్లలు బంతుల్లో ఈదే తొట్టి ఈ గీత లోపల ఎందుకుందో చెప్పగలరా?" అని అడిగింది.

సొలిసిటర్ తడుముకోలేదు. ప్లాను సులువు కోసం అలా గీశాం, తొట్టిలోకి గ్లాసు తీసుకెళ్లే ఉద్దేశం ఎవరికీ లేదు అన్నాడు. అధ్యక్ష స్థానంలో ఉన్న కౌన్సిలరు, తెల్లజుట్టు పెద్దావిడ, "ఉద్దేశం లేనప్పుడు గీత జరపడానికి ఇబ్బంది ఏముంది?" అంది. మేనేజరు సొలిసిటర్ చెవిలో ఏదో చెప్పింది, ఆయన తలూపాడు. గంటల తరబడి వాదించుకోవలసి వస్తుందనుకున్న విషయం నిమిషంలో తేలిపోయింది.

పదిహేడేళ్ల సిబ్బంది గురించీ ఆమె అడిగింది. అక్కడ చర్చ సాగింది. చట్టం అనుమతిస్తోంది కదా అన్నాడు సొలిసిటర్. ఇదే కౌన్సిలరు రద్దీ వేళ అనుమతి ఇచ్చే పెద్దవాళ్లు ఎక్కడ నిలబడతారని మేనేజరును నేరుగా అడిగింది. మేనేజరు నిజాయితీగా, శనివారం మధ్యాహ్నాలు నేను పార్టీ గదుల్లో ఉంటాను అని చెప్పేసింది. ఆ జవాబుతో ఆ సంగతీ ముగిసింది.

ఇక అసలు ప్రశ్న. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు ఎంత తాగవచ్చు? పిల్లలతో ఉన్న పెద్దవాళ్లకు రెండు గ్లాసులకు మించి ఇవ్వకూడదని షరతు పెట్టమని ఆమె కోరింది. అమలు చేయడం కుదరదు అన్నారు. గ్లాసు ఎవరు కొన్నారో, ఎవరు తాగారో లెక్క పెట్టలేరు. మత్తులో ఉన్నవాళ్లకు అమ్మడం ఎలాగూ నేరమే అని గుర్తుచేశారు. నిజమే. ఏడేళ్లలోపు బిడ్డ బాధ్యత తమ మీద ఉండగా బహిరంగంగా తాగి ఉండటం ఇక్కడ 1902 నుంచీ నేరం. కానీ ఈ చట్టాలన్నీ మనిషి మత్తులో పడ్డాక మేల్కొనేవి. పిల్లవాడు మూడో అంతస్తు వలలో ఇరుక్కుని ఏడుస్తున్నప్పుడు కింద ఉన్న తండ్రి తాగి తూలుతూ ఉండనక్కరలేదు, కొంచెం మందగించి ఉంటే చాలు. ఆ కొంచెం ఈ చట్టానికి అందదు. కమిటీ ఇక్కడ తేలిగ్గా తప్పుకుందని నాకనిపించింది. లెక్క పెట్టలేమన్న కారణం చేత ఆ బాధ్యతంతా మళ్లీ కౌంటరు మీదే పడింది.

సభ్యులు లోపలికి వెళ్లి ఆలోచించుకుని వచ్చారు. లైసెన్సు మంజూరయింది. దరఖాస్తులో అడిగింది పొద్దున పది నుంచి రాత్రి పదకొండు దాకా, ఇచ్చింది మధ్యాహ్నం పన్నెండు నుంచి తొమ్మిదిన్నర దాకా. ఎర్ర గీత కెఫేకూ బౌలింగ్ లేన్లకూ కుదించారు. ఆ గీత దాటి గ్లాసు తీసుకెళ్లకూడదు. సాయంత్రం ఆరుదాకా తిండితో కలిపి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే ఇవ్వాలి. గాజు గ్లాసులు ఉండవు. మద్యం చేతికిచ్చేవాళ్లకు పద్దెనిమిది నిండాలి. నచ్చనివాళ్లు 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్సు నడుస్తుండగా ఏ సమస్య వచ్చినా, ఎవరైనా, ఎప్పుడైనా పునఃసమీక్ష కోరవచ్చు.

బయటికొచ్చాక ఆ అమ్మాయి, "ఓడిపోయాను కదక్కా" అంది. నాకు అలా అనిపించలేదు, అనిపించలేదనే చెప్పాను. ఆమె వద్దన్నది ఆగలేదు, నిజం. కానీ నాలుగు గోడలూ చుట్టిన గీత కుదించుకుపోయింది, పదిహేడేళ్ల పిల్లలు బీరు పోసే పని లేకుండా పోయింది. పోలీసులు ఒప్పుకున్న షరతుల్లో ఈ రెండూ లేవు.

మెట్ల దగ్గర మేనేజరు మాకోసం ఆగింది. ఆమెను నేనొకటి అడిగాను. పార్టీ గది బుక్ చేసుకునే ఫారంలో ఒక గడి పెట్టగలరా, ఆ పార్టీకి వచ్చేవాళ్ల బల్లలకు మద్యం ఇవ్వవద్దని కోరుకోవడానికి? లైసెన్సులో లేదు కాబట్టి ఎవరూ ఆమెను బలవంతపెట్టలేరు. ఆలోచించి, పెడతాను అంది. మీ కుటుంబాలే కాదు, ఇక్కడి ఇంగ్లీషు తల్లులు కూడా చాలామంది అది టిక్ పెడతారు అని కూడా అంది. మన అమ్మాయి అక్కడే ఫోన్ తీసి, ఆ గడిలో ఉండాల్సిన వాక్యం టైపు చేసి ఆమెకు పంపించింది.