తోక లేని ఎలుక

‘‘మీ నాన్న కంప్యూటర్ ముట్టుకుని మూడు నెలలైందే’’ అని అమ్మ ఫోన్లో చెబితే నేను పెద్దగా పట్టించుకోలేదు. ‘‘కళ్లు లాగుతున్నాయేమోలే అమ్మా’’ అనేసి పనిలో పడిపోయాను.

నిజానికి నేను ఆలోచించాల్సిన మాటే అది. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. అరవై దాటాక పట్టుబట్టి కంప్యూటర్ నేర్చుకున్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుంటే పేపర్లు చదవడం, కరెంటు బిల్లు కట్టడం, అమెరికాలో ఉన్న తమ్ముడితో కబుర్లు... అమ్మ భోజనానికి రెండుసార్లు పిలిస్తే గానీ లేచేవారు కాదు.

వేసవి సెలవుల్లో రాజమండ్రి వెళ్లాను. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది.

‘‘ఏమైంది నాన్నా?’’

‘‘ఆ మౌస్ సరిగ్గా ఆడదమ్మా. బాణం ఒకచోట పెడితే ఇంకోచోటికి గెంతుతుంది.’’

అప్పటికే వాళ్లు చెయ్యాల్సిన చికిత్సలన్నీ చేసేశారట. బ్యాటరీ మార్చారు. అమ్మ తన పద్ధతిలో మౌస్‌ని అరచేతిలో రెండు దెబ్బలు వేసి చూసింది. బల్ల మీద అద్దం ఉంటే మౌస్ కింద ఉండే లైటు సరిగ్గా పనిచెయ్యదని ఎవరో చెబితే, కింద పాత క్యాలెండర్ అట్ట పరిచారు. ఆ చెప్పినాయన మాట నిజమే. మౌస్ కడుపులో చిన్న కెమెరాలాంటిది ఉండి, కింది ఉపరితలాన్ని క్షణక్షణం చూస్తూ కదలిక లెక్కగడుతుంది. నున్నటి అద్దం మీద దానికి చూడ్డానికి గుర్తులేవీ దొరకవు. కానీ అట్ట పరిచినా ఫలితం లేదు. ఆఖరికి షాపతను ‘‘ఇది పోయిందండీ’’ అంటే కొత్తది కొన్నారు. అదీ అలాగే గెంతింది!

నేను తువ్వాలు తీసి, సిస్టమ్ ఆన్ చేసి చూశాను. బాణం చెప్పినట్టు వింటోంది. పావుగంట వాడాను. ఒక్కసారి కూడా గెంతలేదు.

‘‘బ్రహ్మాండంగా ఉంది కదా నాన్నా!’’ అన్నాను గొప్పగా.

ఆయన నా చేతి వంక చూశారు. ‘‘నీ చేతిలో బాగానే ఉంది’’ అని మెల్లగా లేచి వరండాలోకి వెళ్లిపోయారు. ఆ మాటలో ఏముందో నాకప్పుడు తట్టలేదు.

రాత్రి పెన్ను కోసం బల్ల సొరుగు లాగితే పాత డైరీ ఒకటి కనిపించింది. తెరిస్తే పేజీ నిండా నాన్న సంతకాలు. తర్వాతి పేజీలోనూ సంతకాలే. ప్రతి పేజీ పైన తేదీ. కొన్నిచోట్ల అక్షరం కాస్త వంకరపోతే దాని కింద ఎర్రసిరాతో గీత. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు తన చేతిని తనే దిద్దుకుంటున్నారు.

నాకు కాళ్లలో సత్తువ పోయినట్టయింది. మా పెదనాన్నకి డెబ్బై దాటాక చేతులు వణికే జబ్బు వచ్చింది. చివరి రోజుల్లో మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవారు. పక్కనుండి తాగించింది నాన్నే. మౌస్ మార్చినా గెంతడం మానలేదంటే, కూతురు పట్టుకుంటే బుద్ధిగా ఉందంటే... లెక్కల మాస్టారు వేసుకున్న లెక్క అర్థమైంది. లోపం మౌస్‌ది కాదు, తన చేతిది!

పొద్దున్న వంటింట్లో అమ్మని కదిపాను. ‘‘డబ్బు తియ్యడానికి చెక్కు రాయమన్నా రేపు, మాపు అంటున్నారే’’ అంది. కాసేపాగి, పోపు వేస్తూ నవ్వింది. ‘‘చిత్రమేంటో తెలుసా? బిల్లు కట్టేటప్పుడు ఆ మౌస్‌కి ఏ రోగమూ ఉండేది కాదు. మా పెళ్లి ఫొటోలు తీసినప్పుడే గెంతులు. నన్ను చూస్తే ఇప్పటికీ వణుకేనా అని ఏడిపించాను కూడా!’’

పెళ్లి ఫొటోలు! అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజుకి తమ్ముడు పాత ఆల్బమ్‌లన్నీ స్కాన్ చేయించి ఓ హార్డ్ డిస్కులో పెట్టి పంపాడు. సీపీయూ వెనకాల నీలం రంగు పోర్టులో దాన్ని గుచ్చితేనే ఫొటోలు వస్తాయి. పక్క పోర్టులోనే గోరంత మౌస్ రిసీవర్.

డిస్కు గుచ్చి ఫొటోలు తెరిచాను. బాణం గెంతింది! నా చేతిలో, నా కళ్ల ముందే.

‘‘నాన్నా, ఓసారి ఇలా రండి!’’ ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. డిస్కు తీశాను, బాణం కుదురుగా ఉంది. పెట్టాను, గెంతింది. నాలుగుసార్లు చేసి చూపించాను. ఏమీ మాట్లాడలేదు. నా భుజం మీద ఆయన చెయ్యి మాత్రం ఆనింది. ఆ చెయ్యి వణకడం లేదు.

ఇంజినీరింగ్ చదువుతున్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే గుట్టు విప్పాడు. వైర్‌లెస్ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో మాట్లాడుతుందట. వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3.0 పోర్టులో డిస్కు నడుస్తుంటే, అక్కణ్నుంచి అదే పౌనఃపున్యం దగ్గర రేడియో రొద పుడుతుందట. ఇంటెల్ సంస్థ 2012లోనే దీన్ని వివరిస్తూ ఓ పత్రం వెలువరించింది. పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళం పక్కన నిలబడి గుసగుసలాడితే ఏం వినిపిస్తుంది? మౌస్ చెప్పేది సగం వినపడక బాణం ఆగి, ఆగి గెంతుతోందన్నమాట.

మందు కూడా సులువే. రిసీవర్‌ని డిస్కుకి దూరంగా జరపాలి. సాయంత్రం ఓ యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి, దాని చివర రిసీవర్ తగిలించి బల్ల మీద మౌస్ పక్కనే పెట్టాను. డిస్కు గుచ్చినా గెంతులు లేవు.

‘‘చెక్క పెట్టెకి తీగ తగిలించి 1964లో మొదటి మౌస్ చేశారట. ఆ తీగ తోకలా ఉందనే ఎలుక పేరు పెట్టారంటారు. తోక వద్దని మనం తీసేస్తే, మళ్లీ తోక తగిలిస్తే గానీ దారికి రాలేదు!’’ అన్నారు నాన్న. చాలా రోజుల తర్వాత ఆయన పాఠం చెప్పే గొంతు విన్నాను.

మర్నాడు డాక్టరుకీ చూపించాం. మౌస్ సంగతి వేరు, మనిషి సంగతి వేరు కదా! వయసుకి తగ్గట్టే ఉన్నారు, భయపడాల్సిందేమీ లేదన్నారాయన.

నేను ఇంకోటి ఆలోచిస్తున్నాను. మా అబ్బాయి చేతిలో మౌస్ మొరాయిస్తే వాడు మౌస్‌ని తిడతాడు. నాన్న మాత్రం తనని అనుమానించుకున్నారు. మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా ఒక్కరే పరీక్ష రాసుకున్నారు. నేనేమో ఫోన్లో ‘‘కళ్లు లాగుతున్నాయేమోలే’’ అన్నాను.

బయల్దేరే ముందు సొరుగు తీస్తే డైరీ అక్కడే ఉంది. చివరి పేజీలో కొత్తగా ఒకే ఒక్క సంతకం. దాని పక్కన ఎర్రసిరాతో నూటికి నూరు మార్కులు!